కన్నవాళ్ల భాష మరిచిన పిల్లలు

హోముల్లో పెరిగే పిల్లల ఇళ్లు వెతికి పట్టుకోవడం నా ఉద్యోగం. మా సంస్థ కాగితాల్లో ఆ పనికి పెద్ద పేరే ఉండేది. మా వీధిలో మాత్రం "సరోజమ్మ తప్పిపోయిన పిల్లకాయల్ని ఇంటికి చేరుస్తాది" అనేవాళ్లు. నాకు ఆ మాటే నచ్చేది.

రిటైరయ్యాక కూడా ఈ పనిలోకి కొత్తగా వచ్చిన అమ్మాయిలు, అబ్బాయిలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఏ ఫారం ఎలా నింపాలో వాళ్లకు నాకన్నా బాగా తెలుసు. వాళ్లు అడిగేది వేరే. ఈ మధ్య చెన్నైలోనే ఒక లా కాలేజీ సభలో నన్ను వేదిక మీద కూర్చోబెట్టి అడిగిన ప్రశ్న కూడా అలాంటిదే. ఆదివాసీ పిల్లల్ని వాళ్లవాళ్ల దగ్గర్నుంచి బలవంతంగా తెచ్చి, పేరు మార్చి, భాష మాన్పించి, మనలాంటివాళ్లుగా తయారుచేయడం జాతి హననం కిందికి వస్తుందా, రాదా? ఒక జాతిని లేకుండా చేయడం అన్నంత పెద్ద మాట దానికి తగునా?

ఆ రోజు సగం జవాబే చెప్పగలిగాను. మిగతా సగం చెప్పాలంటే చెంచమ్మ సంగతి చెప్పాలి.

ఇల్లు వెతకడం

మాది వాషర్‌మెన్‌పేట్. తాతముత్తాతల నాటి నుంచీ చెన్నైలో ఆ పేటలోనే ఉన్నాం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఉద్యోగం ఇచ్చేటప్పుడు మా మొదటి మేనేజరు నా డిగ్రీ వంక సరిగా చూడనైనా చూడలేదు. "తెలుగు మాట్లాడతావా? సరిహద్దు అవతలి పిల్లలు మన దగ్గర చాలామంది ఉన్నారు. వాళ్లు ఏం చెబుతున్నారో ఎవరికీ అర్థం కావడం లేదు," అన్నాడు. అలా మా అవ్వ నేర్పిన భాషే నాకు అన్నం పెట్టింది.

ఈ పనిలో నేను ముందు నేర్చుకున్నది ఊరి పేరు అడగకూడదని. చిన్నపిల్లలకు ఊరి పేరు తెలియదు. వాళ్లకు తెలిసిందల్లా "మా ఇల్లు". అందుకే పొద్దున లేవగానే ఏం చప్పుడు వినపడేది, ఏం వాసన వచ్చేది, అమ్మ చేతికి ఏం అంటుకుని ఉండేది అని అడగాలి. ఒక పాప పాలవాసన అంది, బర్రెలు అంది, పొద్దున్నే కేన్ల చప్పుడు అంది. మేమంతా ఏదో పల్లెటూరనుకుని చిత్తూరు జిల్లా దాకా ఉత్తరాలు రాశాం. చివరికి చూస్తే ఆ ఇల్లు చెన్నైలోనే, మాధవరం పాల కాలనీలో ఉంది. మా ఆఫీసు నుంచి ఒక బస్సు ఎక్కితే చాలు. ఆ పాప వాళ్ల నాన్న నన్ను చూసి, "ఇంత దగ్గర్లో పెట్టుకుని ఇన్నాళ్లు ఏం చేస్తా ఉండారమ్మా?" అన్నాడు.

అలా పిల్లల మాటల్లోంచే ఇళ్లు దొరికేవి. పిల్ల దగ్గర ఆ మాటలే లేకపోతే ఏం చేయాలో నాకు ఎవరూ నేర్పలేదు.

చొక్కలింగం అయ్య హోము

అంబత్తూరు వైపు, ఫ్యాక్టరీలు దాటాక ఒక హోము ఉండేది. దాన్ని నడిపే చొక్కలింగం అయ్య రిటైరైన హెడ్మాస్టరు. నేను చూసిన హోములన్నిట్లో శుభ్రమైంది అదే. పిల్లలకు కడుపునిండా తిండి, ఉతికిన బట్టలు, దోమతెరలు. ఆయన పిల్లల మీద చెయ్యెత్తడం నేను ఎప్పుడూ చూడలేదు. జ్వరం వస్తే పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

అక్కడ ఎక్కువమంది ఇరులర్, యానాది తెగల పిల్లలు. ఇటుక బట్టీల నుంచి, రైసు మిల్లుల నుంచి విడిపించి తెచ్చినవాళ్లు. వచ్చిన రోజే జుట్టు కత్తిరించి కొత్త పేరు పెట్టేవారు. సొంత భాషలో మాట్లాడితే ఆ పూట ఆటలు బంద్. తల్లిదండ్రులు వస్తే గేటు దగ్గరే మాట్లాడి పంపించేవారు. సెలవులకు ఎవర్నీ ఇంటికి పంపేవారు కాదు.

నేను ఎందుకని అడిగాను. ఆయన విసుక్కోకుండా చెప్పాడు.

"వాళ్లమ్మ వచ్చి పోతే పిల్ల వారం రోజులు అన్నం ముట్టదు. సెలవులకు పంపితే సగం మంది తిరిగి రారు. మళ్లీ ఆ ఎలుకల వేట, ఆ బట్టీలు. నేను వీళ్లను అక్కడి నుంచి ఒడ్డుకు లాగుతున్నానమ్మా. నువ్వేమో మళ్లీ నీళ్లలోకి తొయ్యమంటున్నావు."

"భాష మాట్లాడితే ఏం పోతుంది అయ్యా?"

"ఆ భాషతో ఏ ఉద్యోగం వస్తుంది?"

"నాకు తెలుగుతోనే కదయ్యా ఉద్యోగం వచ్చింది," అన్నాను. ఆయన హాయిగా నవ్వి కాఫీ తెప్పించాడు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఒక మాట చెప్పాలి. పిల్లల్ని కొట్టే వార్డెనుతో పోట్లాట తేలిక. నలుగురూ మన పక్కన నిలబడతారు. ప్రేమగా చూసుకునే వార్డెనుతో పోట్లాడాలంటే మనం ఒంటరి. ఒక్కోసారి మన మీద మనకే అనుమానం వస్తుంది.

రొయ్య

ఆ హోములో సెల్వి అనే పిల్ల ఉండేది. చిన్నప్పుడు ఇటుక బట్టీలో జ్వరం వస్తే ఎవరో చెన్నై ఆసుపత్రిలో చేర్చారు. అక్కడి నుంచి హోముకు వచ్చింది. ఆమె ఫైల్లో తల్లిదండ్రుల వివరాల దగ్గర "తెలియదు" అని ఉండేది. చక్కగా చదివేది. చప్పుడు, వాసన, చేతికి అంటుకున్నది అంటూ నేను అడిగిన ప్రశ్నలన్నిటికీ తమిళంలో "గుర్తులేదు అక్కా" అనేది. నిజంగానే గుర్తులేదు. ఆ పిల్ల వచ్చి అప్పటికి చాలా ఏళ్లయింది.

ఒక ఆదివారం నేను అక్కడున్నప్పుడే ఎవరో పిల్లల కోసం బుట్టెడు రొయ్యలు పంపారు. వంటామె పెరట్లో కూర్చుని ఒలుస్తోంది. సెల్వి అటుగా వెళుతూ ఆగి, చటుక్కున ఒకటి తీసి, తల తుంచి, పొట్టు లాగేసి, నా వైపు చూపించి అంది.

"రొయ్య."

తమిళంలో దాన్ని ఆ మాట అనరు. వంటామె తలెత్తి చూసింది. సెల్వి కూడా తన నోట్లోంచి వచ్చిన ఆ మాటేమిటో తనకే తెలియనట్టు నిలబడిపోయింది. నాకు మాత్రం అది మా ఇంటి మాటే.

తెలుగు, రొయ్యలు, ఇటుక బట్టీ. ఈ మూడూ కలిసే చోటు మాకు దగ్గర్లో పులికాట్ సరస్సే. తడ నుంచి సూళ్లూరుపేట దాకా సరస్సు ఒడ్డున యానాదుల గుడిసెలు ఎక్కడెక్కడున్నాయో అడుగుతూ తిరిగాను. బట్టీకి పోయినప్పుడు జ్వరం వచ్చిన ఆడపిల్ల ఎవరికైనా తప్పిపోయిందా అని అందరినీ అడిగాను. చివరికి ఒక చోట, మోకాళ్ల లోతు నీళ్లలో వంగి చేతులతో రొయ్యలు తడుముతున్న ఆడవాళ్లు కనిపించారు. రెండు చేతులూ నీళ్లలో ఉంటాయి కాబట్టి తాటాకు బుట్టను పళ్లతో కరిచి పట్టుకుంటారు. ఒడ్డు నుంచే గట్టిగా అదే ప్రశ్న అడిగాను.

వాళ్లలో ఒకామె నోట్లోంచి బుట్ట జారి నీళ్లలో పడింది. పట్టిన రొయ్యలన్నీ పోతున్నా ఆమె చూసుకోలేదు.

"నా చెంచి!" అంది. "బతికుండాదా?"

ఆమె పేరు సుబ్బమ్మ. బట్టీ మీద అధికారులు దాడి చేసిన రోజున వాళ్లను లారీ ఎక్కించి ఆంధ్రా వైపు పంపేశారట. "బిడ్డ ఆసుపత్రిలో ఉండాది సామీ అని మొత్తుకున్యాం. బాగైనాక ఆమైన పంపిస్తాం అన్యారు. పంపలా," అంది. పనుల కాలం వచ్చినప్పుడల్లా మొగుడు వెంకయ్యతో కలిసి ఆ బట్టీకే పోయి అడిగి వచ్చేదట. ఆసుపత్రి ఏదో, హోము ఏదో వాళ్లకు చెప్పినవాడు లేడు.

"అమ్మా"

ఆ తల్లీబిడ్డలు మా ఆఫీసులో కలుసుకున్నారు. సుబ్బమ్మ ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్న కొత్త చీర కట్టుకుంది. టిఫిన్ క్యారియరులో రొయ్యల పులుసు తెచ్చింది. వెంకయ్య లోపలికి రావడానికి బెదిరి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. సెల్వి ఇస్త్రీ చేసిన యూనిఫాంతో, రిబ్బన్లు కట్టుకుని వచ్చింది. చేతులు జోడించి, "వణక్కం అమ్మా," అంది.

హోముకు ఏ ఆడమనిషి వచ్చినా పిల్లలు అలాగే అనాలి. అది మర్యాద. సుబ్బమ్మకు మాత్రం చివరి మాటే వినిపించింది.

"నన్ను మరవలా! సూడు సరోజమ్మా, నా బిడ్డ నన్ను మరవలా!" అని పిల్లను పొట్టకు అదుముకుంది.

మాటకు మాట తర్జుమా చేయాలన్నది మాకు నేర్పిన నియమం. ఆ నియమాన్ని నేను ఆ రోజు పాటించలేదు, అది ఎవరికైనా పెట్టే నమస్కారమేనని సుబ్బమ్మకు చెప్పలేదు. ఈ రోజు వరకు నాకు అందుకు విచారం లేదు.

తర్వాత సుబ్బమ్మ ఆగకుండా మాట్లాడింది. నాయన పడవలో నువ్వు ముందరే కూర్చుంటానని ఏడ్చేదానివి, నీకు తమ్ముళ్లు పుట్టినారు, మన కుక్క సచ్చిపోయింది. పిల్ల నా వైపు తిరిగి తమిళంలో, "ఆమె ఏం చెబుతున్నారక్కా?" అంది. నేను చెప్పాను. పిల్ల మర్యాదగా తలూపింది. సుబ్బమ్మ నా మోచెయ్యి పట్టుకుని, "నా బిడ్డ ఏమంటా ఉండాది?" అంది. కన్నతల్లీ కన్నబిడ్డా ఎదురెదురుగా కూర్చుని, ఒకరి మాట ఒకరికి తెలియక, ఇద్దరూ నన్నే అడుగుతున్నారు. ఈ ఉద్యోగంలో నేను ఎన్నో చూశాను. ఆ గదిలో కూర్చున్నంత కష్టం ఎప్పుడూ పడలేదు.

పులుసు మాత్రం పిల్ల ఒక్క చుక్క మిగల్చకుండా తింది. తినేంతసేపూ గుమ్మం దగ్గర వెంకయ్య కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు.

మూసిన ఫైలు

అప్పటి మా డైరెక్టరు విజయరాఘవన్ లాయరు. తెలివైనవాడు, నిజాయితీపరుడు. ఆ సాయంత్రమే ఫైలు మీద "కుటుంబంతో కలిపాం" అని రాసి మూసేయమన్నాడు. కలవలేదు సార్ అన్నాను. "తల్లి దొరికింది, పిల్ల దొరికింది. ఇంకేం కావాలి?" అన్నాడు. ఆయన లెక్కలో పిల్ల ఇంటికి చేరడమంటే చిరునామా దొరకడమే. ఆయన దగ్గర నేర్చుకున్న చట్టం చాలా ఉంది. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆయన మాట వినకండి.

సుబ్బమ్మ పిల్లను వెంటనే తీసుకుపోతానని పట్టుపట్టలేదు. "మా మాదిరి బట్టీలో మగ్గొద్దు, సదవనీ. సెలవలకి మాత్రం పంపమను. దాని పేరుతో దాన్ని పిలవమను," అంది. ఆ రెండింటి కోసం నేను చొక్కలింగం అయ్యతో చాలాకాలం తగువు పడ్డాను. హోముతో గొడవ పెట్టుకుంటే రేపు కొత్త పిల్లల్ని ఎక్కడ ఉంచుతాం అని విజయరాఘవన్ నన్ను కోప్పడ్డాడు. ఆ మాటలోనూ అబద్ధం లేదు. చివరికి అయ్య వేసవి సెలవులకు ఒప్పుకున్నాడు. ఆ పేరుతో పిలవడానికి ఒప్పుకోలేదు.

మొదటి వేసవిలో పిల్ల సెలవులు అవకముందే తిరిగొచ్చేసింది. అక్కడ తమ్ముళ్లు, పిన్నమ్మ పిల్లలు "అరవ పిల్ల" అని నవ్వారట. ఏం చెప్పాలన్నా చేత్తో చూపించాల్సి వచ్చిందట. "చూశావా, నేను చెప్పలేదా?" అన్నట్టు అయ్య నా వైపు చూశాడు. ఆ చూపుకు జవాబు చెప్పడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

సభలో

సెల్వి అప్పుడప్పుడు చుట్టంలా సరస్సు దగ్గరికి పోయి వస్తూనే కాలేజీకి పోయింది, లా చదివింది. అయ్య తన పెన్షన్‌లోంచి ఆమెకు పుస్తకాలు కొనిపెట్టాడు. ఇప్పుడు ఆమె హైకోర్టులో ప్రాక్టీసు చేస్తోంది. పేరు కూడా మార్చుకుంది. అమ్మానాన్నలు పెట్టిన చెంచమ్మ అన్న పేరుతోనే నల్లకోటు వేసుకుంది.

మొదట్లో చెప్పిన ఆ సభలో ఒక పక్క చెంచమ్మ, ఇంకో పక్క విజయరాఘవన్, మధ్యలో నేను. ముందు వరసలో చక్రాల కుర్చీలో చొక్కలింగం అయ్య. ఆయనను ఆటోలో తీసుకొచ్చింది చెంచమ్మే. సభ మొదలయ్యేలోపు ఆయన మందులు ఆయన చేత మింగించింది కూడా ఆమే.

విజయరాఘవన్ ముందు మాట్లాడాడు. ప్రపంచ దేశాలు ఒప్పుకున్న నిర్వచనం ప్రకారం జాతి హననానికి ఒక సమూహాన్ని నాశనం చేయాలనే ఉద్దేశం ఉండాలి, అది లేనిదే ఆ నేరం లేదు అన్నాడు. సంస్కృతిని చెరపడాన్ని కూడా అందులో చేర్చాలని మొదట్లో కొందరు అడిగారని, చివరికి చేర్చలేదని చెప్పాడు. "పిల్లల్ని వెట్టి నుంచి విడిపించి బడిలో వేసినవాళ్లనూ, మనుషుల్ని గుంతల్లో పూడ్చినవాళ్లనూ ఒకే పేరుతో పిలిస్తే ఆ గుంతల్లో ఉన్నవాళ్లకు అన్యాయం చేసినట్టు కాదా?" అని అడిగాడు. హాలులో చాలామంది తలలూపారు. నేనూ ఊపాను.

చెంచమ్మ లేచింది. తమిళంలోనే మాట్లాడింది.

"సార్ చెప్పిన ఆ నిర్వచనంలోనే ఇంకో మాట కూడా ఉంది. ఒక సమూహం పిల్లల్ని బలవంతంగా ఇంకో సమూహానికి తరలించడం. అందులో ఎవరినీ చంపనక్కర్లేదు. అయినా దాన్ని హత్యల పక్కనే ఎందుకు రాశారు? పిల్లలు లేకపోతే ఆ జాతి తర్వాత ఉండదు కాబట్టి. కెనడాలో, ఆస్ట్రేలియాలో ఇలాగే పిల్లల్ని తీసుకుపోయారు. ఆ ప్రభుత్వాలు తర్వాత క్షమాపణ చెప్పాయి. దానికి ఏ పేరు పెట్టాలన్న వాదన అక్కడ ఇంకా తెగలేదు. మన దగ్గర మొదలే కాలేదు."

"ఉద్దేశం సంగతి చెప్పమ్మా," అన్నాడు విజయరాఘవన్.

"చెబుతాను సార్. పేరు మార్చడం, భాష మాన్పించడం, ఇంటికి పంపకపోవడం. ఇవి పొరపాటున జరిగేవి కావు. ఎవరో ఆలోచించి పెట్టిన నియమాలు. పెట్టినవాళ్లు మా మంచి కోరే పెట్టి ఉండొచ్చు. మా మంచి కోరడం ఒకటి, మేము మాలాగా ఉండకూడదని కోరడం ఇంకొకటి. ఆ రెండూ ఒకే మనిషిలో ఉంటాయి. నేను చూశాను."

ఆ తర్వాత ఆమె వాళ్ల నాన్న పోయిన రోజు గురించి చెప్పింది. యానాదుల్లో ఆడవాళ్లు శవం దగ్గర ఊరికే ఏడవరు. పోయిన మనిషితో మాట్లాడతారు. నువ్వు నాకు ఇది చేశావు, అది తెచ్చావు, నన్ను ఫలానా చోటికి తీసుకుపోయావు అని చెప్పుకుంటూ ఏడుస్తారు. సుబ్బమ్మ ఏడ్చింది, మేనత్తలు ఏడ్చారు. ఆ తర్వాత కూతురి వంతు. అందరూ ఆమె వైపు చూశారు.

"నాకు మాట రాలేదు," అంది చెంచమ్మ. "నాన్నకు తమిళం రాదు. ఆయనతో ఆయనకు తెలిసిన మాటల్లో చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నోరు తెరుచుకుని నిలబడ్డాను. మా పిన్ని నా బదులు ఏడ్చింది. నేను కూతుర్నని ఆమె చెప్పాల్సి వచ్చింది."

అప్పుడు చొక్కలింగం అయ్య చెయ్యెత్తాడు. ఎవరో మైకు అందించారు.

"నేను ఎవర్నీ చంపలేదు తల్లీ. ఆ మాట నా మీద వేస్తావా?"

చెంచమ్మ వేదిక దిగి ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుంది. మైకు లేకపోయినా ఆమె మాట అందరికీ వినిపించింది.

"మీరు పెట్టిన అన్నం తిన్నాను అయ్యా. అది మరిచిపోను. మీకు శిక్ష వేయమని అడగడం లేదు. జరిగినదానికి పేరు అడుగుతున్నాను."

"ఆ భాష మాట్లాడుతూ ఉంటే మళ్లీ అక్కడికే పోతారని భయపడ్డాను," అన్నాడు ఆయన.

"పోతే ఏమయ్యేది అయ్యా?"

ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

విజయరాఘవన్ చివర్లో తన మాట మార్చుకోలేదు. "ఒక్క హోము మీద ఈ కేసు వేస్తే కోర్టులో నిలవదు," అన్నాడు. మైకు పక్కన పెట్టి, "ఆ ఫైలు నేను అంత త్వరగా మూయకుండా ఉండాల్సింది, సరోజా," అని నా చెవిలో అన్నాడు.

నా సగం జవాబు

నన్ను అడిగినప్పుడు, చట్టం పెట్టే పేరు చట్టం చదివినవాళ్లు చెప్పాలి, నాకు తెలిసింది ఆ గదిలో ఆ ఇద్దరి మధ్యా కూర్చోవడమే అన్నాను. అక్కడితో ఆగిపోయాను. ఇప్పుడు చెబుతున్నాను. ఒక్క చొక్కలింగం అయ్య అయితే నేనూ విజయరాఘవన్‌లాగే వెనకాడేదాన్ని. కానీ నేను ఒక్క హోమే చూడలేదు. వేరే వేరే మనుషులు, వేరే వేరే మతాలవాళ్లు, ఒకరితో ఒకరికి పరిచయం లేనివాళ్లు నడిపే హోములు చూశాను. అన్నిట్లోనూ అవే నియమాలు, అదే కత్తెర, అదే కొత్త పేరు. ఇంతమంది మంచివాళ్లకు ఒకే ఆలోచన వచ్చిందంటే అది ఒక్క మనిషి పొరపాటు కాదు. ఈ పిల్లలు వీళ్ల అమ్మానాన్నల్లా కాకూడదని మనమంతా ఎప్పుడో తీర్మానించుకున్నాం. దానికి చెంచమ్మ పెట్టిన పేరు పెద్దదే. అంతకన్నా చిన్న పేరు మాత్రం నాకు కనిపించడం లేదు.

మా మనవరాలు తమిళంలోనే మాట్లాడుతుంది. నన్ను అవ్వా అనదు, తమిళంలో "పాటీ" అని పిలుస్తుంది. నేను తెలుగులో అడిగితే తమిళంలో జవాబు చెబుతుంది. మా అవ్వ మాటలు నాతోనే పోతాయని ఒక్కోసారి దిగులుగా ఉంటుంది. ఇదీ అదీ ఒకటేగా అని ఒక కొత్త కేస్ వర్కర్ నన్ను అడిగింది. కాదమ్మా అన్నాను. మా ఇంట్లో ఎవరి ఆటలూ బంద్ కాలేదు. ఎవరూ ఎవర్నీ గేటు దగ్గర ఆపలేదు. నా మనవరాలు రేపు కావాలనుకుంటే పక్క గదిలోకి వస్తే చాలు, నేనుంటాను. చెంచమ్మకు ఆ పక్క గది లేకుండా చేశారు.

ఆ సభ తర్వాత చెంచమ్మ ఆదివారాలు మా ఇంటికి వచ్చి తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టింది. నా తెలుగు వేరు, సుబ్బమ్మ తెలుగు వేరు. నేను నేర్పిన మాట అక్కడికి పోయి అంటే అందరూ నవ్వుతారట. అయినా మానలేదు. కోర్టు సెలవులు ఇవ్వగానే సరస్సు దగ్గరికి పోయింది.

మొన్న ఒక పొద్దున అక్కడి నుంచి ఫోన్ చేసింది. ఆయాసపడుతోంది. ఏమైందోనని కంగారు పడ్డాను.

"అక్కా, మా అమ్మ నన్ను తిట్టిందక్కా!"

తెలుగులో చెబుతోంది. దొరికిన నాటి నుంచీ సుబ్బమ్మ ఆమెను చుట్టాన్ని చూసినట్టు చూసేదట. చాప వేసి కూర్చోబెట్టేది, పెద్ద చేప ఆమెకే వడ్డించేది, చీపురు ముట్టనిచ్చేది కాదు. తమ్ముళ్లనూ వాళ్ల పెళ్లాలనూ నోరారా తిట్టే మనిషి, ఈమె రాగానే గొంతు తగ్గించేసేది. ఆ రోజు పొద్దున చెంచమ్మ పీతల తపేలా మీద మూత తీసి, మళ్లీ పెట్టడం మరిచిపోయిందట. పీతలన్నీ గుడిసె నిండా పాకాయి.

"ఏమనింది?" అన్నాను.

"'ఏమే ఎర్రిదానా, కళ్లు నెత్తికెక్కినయ్యా? వకీలంట వకీలు! ఆ పీతలు పొయ్యి కోర్టులో నిలబడతాయా నీకు?' అనిందక్కా. నాకు మొత్తం తెలిసిందక్కా! ఒక్క మాట కూడా నేను ఎవర్నీ అడగలా!"

"నువ్వేమన్నావు?"

"'నేనేం కావాలని తీసినానా, ఊరికే అరవబాకమ్మా' అన్యాను. ఇంకా తిడతానే ఉండాది."

నిజమే. ఫోన్‌లో వెనకనుంచి సుబ్బమ్మ గొంతు వినిపిస్తోంది. మంచం కింద పీత, పొయ్యి పక్కన పీత, నా ఖర్మ, పట్నం చదువు. మా అవ్వ పోయాక అంత ధారాళమైన తిట్లు నేను వినలేదు.

"ఉంటానక్కా, పోయి పట్టాల," అంది చెంచమ్మ.

"పెట్టెయ్యబాకమ్మా," అన్నాను. "ఫోను ఆడనే పెట్టిపో. కాసేపు నన్ను విననీ."